నన్నారి: వాసన ఒకటే, వేర్లు రెండు

తిరుపతిలో మూలికలమ్మే అంగడికి పోయి "నన్నారి వేర్లు వంద గ్రాములివ్వన్నా" అని అడిగితే, ఒక చోట చీపురు పుల్ల కంటే కాస్త లావుగా, వంకరటింకరగా ఉన్న ముదురు గోధుమ రంగు వేర్ల కట్ట చేతికిస్తారు. నాలుగడుగుల అవతల ఇంకో అంగట్లో అదే మాటకు బొటనవేలంత లావు గడ్డల ముక్కలు తూకం వేస్తారు. గోటితో గీరి చూస్తే రెండింటిదీ ఒకటే వాసన. ఇంటికి తెచ్చి రెండింటినీ ఒకే లెక్కన నానబెడితే మాత్రం ఒకటి షర్బత్ అవుతుంది, రెండోది గొంతు దిగనంత ఘాటెక్కుతుంది. అమ్మినవాళ్ళిద్దరిలో ఎవరూ మోసం చేయలేదు. చిక్కంతా పేరులో ఉంది.

నన్నారిని ఒక మొక్క పేరు అనుకున్నంతసేపూ ఈ చిక్కు విడదు. వాడుకలో అది ఒక వాసనకు పేరు. ఆ వాసన ఏ వేరులో తగిలితే ఆ వేరుకల్లా ఈ పేరు అంటుకుంది. ఈ రోజుల్లో వేరే లేని సీసాకు కూడా అంటుకుంది, ఆ సంగతి తర్వాత.

సన్న వేరు

మొదటిది సుగంధిపాల. శాస్త్రనామం హెమిడెస్మస్ ఇండికస్. పొలం గట్ల మీద, కంచెల్లో, గుట్టల కింద పొదల్లో పాకే సన్నటి తీగ. ఆసరా దొరికితే చుట్టుకుంటుంది, లేకుంటే నేలబారున పోతుంది. ఆకును బట్టి గుర్తుపడదామంటే ఏమారుస్తుంది. ఒకే తీగ మీద కోలగా వెడల్పుగా ఉన్న ఆకులూ, వేలెడు పొడుగున సన్నగా సాగిన ఆకులూ రెండూ కనిపిస్తాయి. చాలా ఆకులకు నడిమి ఈనె వెంట తెల్లటి చార ఉంటుంది, అది మంచి ఆనవాలు. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, తుంచితే తెల్లటి పాలు కారతాయి. పూలు మరీ చిన్నవి, వెలుపల ఆకుపచ్చ, లోపల ఊదా. సన్నటి కాయలు జంటగా కాస్తాయి. ఎండి పగిలితే జిల్లేడు గింజల మాదిరే దూది కుచ్చుతో గింజలు ఎగిరిపోతాయి. జిల్లేడుతో పోలిక ఊరికే వచ్చింది కాదు, రెండూ ఒకే కుటుంబం. గన్నేరు కూడా ఆ కుటుంబమే. అందుకే పాలు కారే తీగ కనబడింది కదా అని తెలియని వేరును తవ్వి నానబెట్టకూడదు. ఈ కుటుంబంలో ప్రాణం తీసేవి ఉన్నాయి.

దీని వేరు పొడుగు, కొమ్మలు తక్కువ, లావు మహా అయితే పెన్సిలంత. ఎండితే పై బెరడు అడ్డంగా పగుళ్ళు దేరుతుంది. రోకలితో మెల్లగా తడితే ఆ పగుళ్ళ దగ్గర బెరడు చిన్న చిన్న గాజుల్లాగా విడివడి రాలిపోతుంది, లోపల పసుపచ్చటి పుల్ల మిగులుతుంది. ఆ పుల్లను వాసన చూడండి, దాదాపు ఏమీ ఉండదు. నన్నారి అంతా బెరడులోనే. అంగట్లో వంద గ్రాములు కొన్నామంటే అందులో పనికిరాని పుల్ల బరువు కూడా కలిసి ఉందన్న మాట.

లావు గడ్డ

రెండోది కొండ మొక్క, డెకాలెపిస్ హామిల్టోనై. 1834లో రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ఈ పేరు పెట్టి నమోదు చేశారు. గ్రీకులో డెకా అంటే పది, లెపిస్ అంటే పొలుసు. దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. 300 నుంచి 1200 మీటర్ల ఎత్తున, బండల సందుల్లో వేరు జొనిపి పైకి పాకుతుంది. శేషాచలం కొండలు దీనికి సొంత ఇల్లు లాంటివి. సుగంధిపాలను చేత్తో పెరకవచ్చు, దీనికి గడ్డపార కావాలి. కండబట్టిన వేర్లు చిలగడదుంపల మాదిరి ఒక మొదలు నుంచి గుత్తిగా దిగుతాయి. ఒక సెంటీమీటరు నుంచి ఆరు సెంటీమీటర్ల దాకా లావు. లోపల కట్టె కొంచెమే, మిగిలినదంతా కండ.

రెంటికీ తేడా తెలియాలంటే చిన్న ముక్క కొరికి చూడటం కంటే తేలిక దారి లేదు. గడ్డ అయితే మొదట తియ్యగా తగిలి, ఆ వెంటనే నాలుక చిమచిమలాడి కాసేపు మొద్దుబారుతుంది. సన్న వేరుకు ఆ చిమచిమ అంతగా ఉండదు.

తెలుగులో ఈ గడ్డకు చాలా పేర్లున్నాయి. మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు, మదిన కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి. చివరి పేరులోనే పోలిక దాగుంది. సుగంధిలాగే ఉంటుంది కానీ బర్రెలాగా లావు. తమిళులూ ఇదే దారిలో పోయి పెరు నన్నారి, అంటే పెద్ద నన్నారి అన్నారు. వాళ్ళకే మాగాళి కిళంగు అనే ఇంకో పేరుంది, కన్నడంలో మాకళి బేరు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ మూడు భాషలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి కాబట్టి నగరి, పుత్తూరు వైపు ఒక పేరు, పలమనేరు, కుప్పం వైపు ఒక పేరు వినబడితే వేరు మారిందని కంగారుపడనక్కర్లేదు, సరిహద్దు దగ్గరపడిందంతే.

తమిళుల ఇళ్ళలో ఈ గడ్డ షర్బత్ కంటే ఊరగాయగానే ఎక్కువ పరిచయం. చెక్కు తీసి, నడిమి కట్టె లాగేసి, సన్నటి ముక్కలు కోసి, ఆవపొడి, కారం, ఉప్పు వేసి పెరుగులోనో మజ్జిగలోనో ఊరేస్తారు. ఇష్టపడేవాళ్ళు అది లేకుండా పెరుగన్నం ముట్టరు, గిట్టనివాళ్ళు నల్లి వాసన అని ముక్కు మూసుకుంటారు. షర్బత్‌లో పరిమళం అనిపించుకున్నదే, చక్కెర లేకుండా చిక్కగా తగిలితే నల్లి కంపు అయిపోతుంది.

ఒకే వాసన ఎట్లా వచ్చింది

రెండు వేర్లలోనూ వాసనకు ముఖ్య కారణం ఒకటే పదార్థం, 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. పేరు నోరు తిరగదు గానీ దాని చుట్టం అందరికీ తెలిసినదే. ఐస్‌క్రీముల్లో వాడే వెనిల్లాకు ప్రాణమైన వెనిలిన్ 4-హైడ్రాక్సీ-3-మెథాక్సీ బెంజాల్డిహైడ్. రెండింట్లోనూ 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు. అవే ముక్కలు, అతికిన చోట్లే వేరు. నన్నారి తాగినప్పుడు ఎక్కడో వెనిల్లా తగిలినట్టుంటుందని చాలామంది అనేది ఇందుకే.

అతికిన చోటు మారితే స్వభావం కూడా మారుతుంది. నన్నారి పదార్థంలో హైడ్రాక్సీ, ఆల్డిహైడ్ ముక్కలు పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దాంతో నీటిని పట్టుకుని ఉండటం తగ్గి, ఆవిరితో పాటు తేలిగ్గా లేచిపోతుంది. వెనిలిన్ అంత తేలిగ్గా పోదు. ఈ ఒక్క మాట గుర్తుంటే షర్బత్ కాచేటప్పుడు జరిగే తప్పుల్లో సగం జరగవు. నన్నారి కాస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం గానీ, ఇల్లంతా వచ్చిందంటే గిన్నెలోంచి పోయిందనే లెక్క.

ఇదే పదార్థం పురుగులకు గిట్టదు. గింజలను నిల్వలో పురుగు పట్టకుండా కాపాడటానికి మారేడు గడ్డ పనికొస్తుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్ళు 1990ల చివర్లో చూపించారు.

పేర్లలో ఏముంది

సుగంధిపాలలో పాల అంటే మనం తాగే పాలు కావు, మొక్క కార్చే పాలు. ఏడాకుల పాల, పాలకొడిసె అన్నప్పుడు వినబడే పాల ఇదే. సుగంధం ఉన్న పాలచెట్టు రకం అని చెప్పడమన్న మాట. పేరు చూసి ఇందులో పాలు కలుపుతారా అని అడిగేవాళ్ళు, సీసా మీద సుగంధ పాలు అని అచ్చేసేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు. కోస్తా వైపు పాల ఊడిపోయి సుగంధి మిగిలింది. అక్కడ సుగంధి సోడా అని తాగేదీ, రాయలసీమలో నన్నారి అని తాగేదీ ఒకటే. పాత వైద్యగ్రంథాలు తిరగేసేవాళ్ళకు గడిసుగంధి, ముత్తవపులగం అనే పేర్లు కూడా తగులుతాయి, అవీ సన్న వేరువే.

నన్నారి మాట తమిళం నుంచి మన వైపు వచ్చింది. తమిళంలో నన్నీర్ అంటే మంచినీళ్ళు. నన్నారిలో మొదటి ముక్కనూ ఆ 'మంచి'గానే చదువుతారు. రెండో ముక్కను సంస్కృత నారిగా తీసుకుని సుగుణవతి అయిన స్త్రీ కథలు అల్లేవాళ్ళున్నారు, వాటిని కథలుగానే వినాలి. మలయాళం పేరు మాత్రం స్పష్టంగా ఉంది, నరునీండి. 'నరు' అంటే పరిమళం, 'నీండ' అంటే పొడుగైన. పొడుగాటి పరిమళపు వేరు. మొక్కను ఒక్కసారి తవ్వి చూసినవాడు పెట్టిన పేరు అది.

సంస్కృతంలో ఇది శారిబ లేక సారిబ. అమరకోశం సగం శ్లోకంలోనే అయిదు పేర్లు చెబుతుంది: గోపీ, శ్యామా, శారివా, అనంతా, ఉత్పలశారివా. ఉత్తరాదిన అనంతమూల్ అనేది ఈ అనంత నుంచి వచ్చిందే, అంతులేని వేరు. తవ్వేకొద్దీ పోతూనే ఉండే సన్న వేరుకు సరిగ్గా అతికే పేరు. శ్యామా దగ్గర మాత్రం వైద్యులు ఆగిపోయారు. ఆయుర్వేదంలో శ్వేత సారిబ, కృష్ణ సారిబ అని రెండు లెక్కపెడతారు. శ్వేత సారిబ సుగంధిపాలే అని పెద్దగా పేచీ లేదు. కృష్ణ సారిబ పేరుతో మాత్రం ఒక చోట మనం నల్లతీగ అనే ఇక్నోకార్పస్‌ను, ఇంకో చోట క్రిప్టోలెపిస్ అనే ఇంకో తీగను వాడతారు. ఈ రెంటికీ నన్నారి వాసన లేదు. అందుకని మూలికల అంగట్లో సారిబ అని అడిగి తెచ్చింది షర్బత్‌కు వాడబోయే ముందు గీరి వాసన చూడాల్సిందే. వాసన రాలేదంటే రెండే కారణాలు. వేరు పాతబడి ఉండాలి, లేదా అది వేరే సారిబ అయ్యుండాలి. రెండు రకాలుగానూ షర్బత్‌కు పనికిరాదు.

ఇక మారేడు. దీనంత అల్లరి చేసే పేరు ఇంకోటి లేదు. మారేడు అంటే తెలుగువాళ్ళందరికీ శివుడికి పత్రి ఇచ్చే బిల్వం. మారేడు గడ్డకూ ఆ చెట్టుకూ ఏ చుట్టరికమూ లేదు. బిల్వం నిమ్మ కుటుంబం, గడ్డ జిల్లేడు కుటుంబం. మారేడు పండు గుజ్జుతో చేసే షర్బత్ కూడా నిజంగానే ఉంది, అదీ వేసవిలోనే తాగుతారు. దాంతో ఒకరు మారేడు షర్బత్ గుణాలు చెబుతుంటే ఇంకొకరు మారేడు గడ్డలు తెచ్చుకుంటున్నారు. చదివేటప్పుడు పక్కన గడ్డలు, కొమ్ములు, వేర్లు అన్న మాట ఉందా, పండు, గుజ్జు అన్న మాట ఉందా చూసుకుంటే చాలు.

వట్టివేరును కూడా నన్నారితో కలిపేస్తుంటారు. అది గడ్డి జాతి వేరు, వాసన మట్టి మీద తొలి వాన పడ్డట్టుంటుంది. కుండలో వేసుకోవడానికి బాగుంటుంది. నన్నారి కాదు.

సార్సపరిల్లా ఎక్కడిది

ఇంగ్లీషు వాళ్ళు సుగంధిపాలను ఇండియన్ సార్సపరిల్లా అన్నారు. అసలు సార్సపరిల్లా మధ్య అమెరికాలో పెరిగే స్మైలాక్స్ అనే ముళ్ళ తీగ. స్పానిష్‌లో సార్సా అంటే ముళ్ళపొద, పరిల్లా అంటే చిన్న ద్రాక్షతీగ. మన కొండల్లో పెరిగే కొండదంతెన ఆ స్మైలాక్స్ కుటుంబానిదే, మూలికల అంగళ్ళలో దొరికే పరంగి చెక్క కూడా. సుగంధిపాలకూ దానికీ వంశంలో పొత్తు లేదు, వాసనలోనూ లేదు. వైద్యంలో అక్కడ దాన్ని దేనికి వాడుతున్నారో ఇక్కడ దీన్ని దాదాపు అందుకే వాడటం చూసి, ఆ పేరు తెచ్చి దీనికి తగిలించారు. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రామాణిక గ్రంథంలో, సుగంధిపాల వేరు హెమిడెస్మస్ పేరుతో ఎక్కింది కూడా.

అందుకే విదేశీ సీసా మీద సార్సపరిల్లా అని కనబడితే అది నన్నారి అని పొంగిపోకూడదు. అమెరికాలో రూట్ బీర్ అని తాగేదీ ఇది కాదు. దానికి పూర్వం సాసఫ్రాస్ అనే చెట్టు వేరు బెరడు వాడేవాళ్ళు, అందులోని సఫ్రోల్‌ను 1960లో అక్కడి ప్రభుత్వం ఆహారంలో నిషేధించింది.

వంటింట్లో లెక్క

రెండు వేర్లలో ఏది చేతికొచ్చిందో తెలిశాక మిగిలింది తూకం. సన్న వేరయితే వంద గ్రాములు. ఎండు గడ్డ అయితే నలభై, యాభై గ్రాములు చాలు. అంతకు మించితే ఘాటు, చిమచిమ మిగిలి చక్కెరకు లొంగవు.

మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్ళు మార్చి త్వరగా కడగాలి, ఈ కడుగుడులో నానబెట్టకూడదు. నీడన ఆరనిచ్చి, రోట్లో వేసి మెల్లగా దంచితే బెరడు విడిపోతుంది. నడిమి పుల్లలు ఏరి పారేయాలి. ఉంచితే వాసన రాదు సరికదా చెక్క రుచి, వగరు వస్తాయి. మిగిలిన బెరడును ఇడ్లీ రవ్వంత ముతకగా దంచుకోవాలి. మిక్సీ అయితే రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే వేడెక్కి వాసన మూతలోంచే పోతుంది. మెత్తటి పొడి చేస్తే గుడ్డలో వడపోత ఆగిపోతుంది, దిగిన రసం కూడా మడ్డిగా ఉంటుంది.

లీటరు 200 మిల్లీలీటర్ల నీళ్ళు స్టీలు గిన్నెలో బాగా మరగనిచ్చి, మంట ఆపి, దంచిన బెరడు వేసి, మూత బిగించి, పైన బరువు పెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టే పద్ధతి కూడా ఉంది, చలికాలంలో బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండలకు మాత్రం తెల్లారేసరికి పైన నురగ కట్టి పుల్లటి వాసన వచ్చే ప్రమాదముంది, అట్లా చేసేవాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఇనుప మూకుడు, ఇనుప గరిటె అస్సలు వద్దు. ఈ జాతి పదార్థాలు ఇనుముతో కలిస్తే ఊదా నలుపు రంగు తిరుగుతాయి.

వడపోస్తే బెరడు పీల్చుకున్నది పోను సుమారు లీటరు రసం దిగుతుంది. దీనికి చక్కెర కిలో 850 గ్రాములు. ఈ అంకె ఎందుకంటే, కిలో నీళ్ళకు ఇంత చక్కెర చేరితే మొత్తంలో చక్కెర 65 శాతం అవుతుంది. ఆ చిక్కదనంలో బూజు, పులుపు సులువుగా పట్టవు. చాలామంది కిలో చక్కెరే వేసి, తక్కువైన చిక్కదనం కోసం తీగపాకం వచ్చేదాకా మూత లేకుండా మరిగిస్తారు. చిక్కదనం వస్తుంది, వాసన పోతుంది. నీళ్ళు ఇంకించడానికి మరిగించే బదులు మొదటే చక్కెర సరిగా వేస్తే మరిగించే పనే ఉండదు. మూత పెట్టి సన్న సెగ మీద చక్కెర కరిగించి, తొలి బుడగ రాగానే దించేయాలి. పైన తేలిన తెట్టు తీసి, చల్లారేదాకా మూత తీయకూడదు. రెండు లీటర్ల పైచిలుకు పానకం తయారవుతుంది.

చక్కెర కరిగేటప్పుడే రెండు గ్రాముల నిమ్మ ఉప్పు, అది లేకుంటే ఒక నిమ్మకాయ రసం వేయాలి. ఇది పులుపు కోసం కాదు. వేడిలో పులుపు తగిలితే చక్కెరలో కొంత భాగం విడిపోయి మళ్ళీ పలుకు కట్టకుండా ఆపుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సీసా అడుగున కలకండ పేరుకుందని వాపోయేవాళ్ళు రెండు తప్పుల్లో ఒకటి చేసి ఉంటారు. ఈ పులుపు వేసి ఉండరు, లేదా ఎక్కువ మరిగించి ఉంటారు. పది డిగ్రీల చలిలో నీళ్ళు 65 శాతం చక్కెరను మాత్రమే మోయగలవు, అంతకు మించినదంతా పలుకు కడుతుంది. దీనికి తిరగబడిన సమస్య, మూత తీస్తే బుస్సుమనడం. చక్కెర తగ్గిందని అర్థం. అది పారబోయాల్సిందే, మళ్ళీ కాచి బాగుచేద్దామనుకోవడం దండగ.

రంగు సంగతి. పై లెక్కన చేసిన పానకం లేత టీ డికాషన్ రంగులో ఉంటుంది. బండి మీద కనబడే ముదురు రంగు వేరుది కాదు, మాడ్చిన చక్కెరది. ఇంట్లో కావాలంటే రెండు చెంచాల చక్కెరను పొడిగా కరిగించి, ముదురు గోధుమ రంగు రాగానే కొంచెం వేడినీళ్ళు పోసి పానకంలో కలపొచ్చు. పొగ లేచేదాకా ఉంచితే చేదెక్కి నన్నారినే మింగేస్తుంది. బెల్లంతోనూ, తాటి బెల్లంతోనూ చేసేవాళ్ళున్నారు. రుచి బాగుంటుంది గానీ అది బెల్లం రుచి.

గ్లాసుకు 40 మిల్లీలీటర్ల పానకం, అర చెక్క నిమ్మరసం, పావుగంట నానిన చెంచాడు సబ్జా గింజలు, 200 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు. సోడా అయితే చివర్లో పోయాలి, ముందు పోసి గరిటెతో కలిపితే గ్యాసంతా పోతుంది. ఆ 40 మిల్లీలీటర్లలో దాదాపు 34 గ్రాముల చక్కెర ఉంటుంది, ఏడు చెంచాల పైమాట. వేరు చలువే కావచ్చు, షుగరున్నవాళ్ళకు ఆ చలువ లెక్కలోకి రాదు. పాలల్లో కలుపుకోవాలనుకుంటే నిమ్మ ఉప్పు వేయని పానకం కొంచెం విడిగా తీసిపెట్టుకోవాలి, లేకుంటే పాలు విరిగే అవకాశముంది.

వేరు లేని నన్నారి

దుకాణంలో సీసా కొనేవాళ్ళు ముందువైపు బొమ్మ వదిలేసి వెనక పదార్థాల పట్టీ చదవాలి. మన దేశంలో ఆ పట్టీలో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలి. చక్కెర, నీళ్ళ తర్వాత నన్నారి వేరు కషాయం అనో, సారం అనో ఉంటే వేరు పడిందన్న మాట. అది లేకుండా కృత్రిమ పరిమళం అని మాత్రమే ఉంటే, వేరు ఆ సీసా చాయలకు రాలేదు. 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్‌ను ఫ్యాక్టరీలోనూ తయారు చేయవచ్చు. పట్టీలో ఐఎన్‌ఎస్ అని కనబడేవి ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంకెలు. ఐఎన్‌ఎస్ 150 అంటే మాడ్చిన చక్కెర రంగు, 330 నిమ్మ ఉప్పు, 211 సోడియం బెంజోయేట్ అనే నిల్వ మందు. ఇవి ఉన్నంత మాత్రాన సీసా చెడ్డదేమీ కాదు, వేరున్న సీసాల్లోనూ ఉంటాయి. వేరు ధర పెట్టి ఎసెన్స్ కొనకుండా ఉండటమే ఇక్కడ చూసుకోవాల్సింది. తాగి కనిపెట్టడం కష్టం, వాసన ఇచ్చేది రెంట్లోనూ అదే పదార్థం కాబట్టి. వేరుతో చేసినదానికి చివర్లో నాలుక మీద సన్నటి వగరు నిలుస్తుంది, ఎసెన్స్ నీళ్ళతో పాటే దిగిపోతుంది.

కొండ మీద గడ్డ, కుండీలో తీగ

రెండు వేర్లనూ ఒకే పేరుతో పిలవడం వల్ల గట్టిగా దెబ్బతిన్నది డెకాలెపిస్. సన్న వేరు దేశమంతటా పెరుగుతుంది, ఒక తీగ తవ్వితే పక్కన ఇంకోటి ఉంటుంది. కిలో సన్న వేరు పోగుచేయడానికి ఒక పూట పడితే, కొండ గడ్డ ఒక మొదలు తవ్వినా కిలోలు దొరుకుతాయి. షర్బత్ గిరాకీ మొత్తం సహజంగానే అటు మళ్ళింది. గుత్తినంతా పెళ్ళగిస్తే తీగ చస్తుంది, బండ సందులో మళ్ళీ ఒక మొక్క మొలిచి గడ్డ కట్టడానికి ఏళ్ళు పడుతుంది. తిరుపతి కేంద్రంగా మూలికల మీద పనిచేసిన వేదవతి 2004లోనే దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న ఆరోగ్య పానీయపు వేరుగా రాశారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలోనూ ఇది ప్రమాదంలో ఉన్న జాతి. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటితమైంది, అందులో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు కూడా ఉంది. ఆ పార్కులో వేరు తవ్వడం నేరం.

షర్బత్ వరకు అయితే సన్న వేరు చాలు, పైగా దాని రుచి మెత్తన. కుండీలోనో పెరట్లోనో పెంచుకోవాలంటే తొలి వానల తర్వాత, వేరు మొదలు అంటుకున్న తీగ ముక్కను ఇసుక కలిపిన ఎర్రమట్టిలో నాటాలి. కుండీ వెడల్పు కంటే లోతు ముఖ్యం, అడుగున్నర తక్కువైతే వేరు గుండ్రంగా చుట్టుకుని సన్నబడుతుంది. నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. మొదటి ఏడాది తవ్వి చూస్తే దారాల్లాంటి వేర్లు వస్తాయి, వాసన ఉంటుంది గానీ దంచడానికి బెరడే ఉండదు. రెండు మూడేళ్ళు ఆగి, ఆకులు తగ్గిన ఎండాకాలం ముందర ఒక పక్క మట్టి తీసి, లావైన వేర్లు నాలుగు కోసుకుని, మొదలును అట్లాగే వదిలి మట్టి కప్పేయాలి.